నాలుగో మనిషి వచ్చేదాకా

కానిస్టేబుల్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అయినా సిద్దిపేటలో పొద్దుగాల అయిదింటికే మీరు లేచి పరుగెత్తుతూనే ఉన్నారు. కొందరు కోమటి చెరువు కట్ట మీద, కొందరు డిగ్రీ కాలేజీ గ్రౌండ్‌లో, ఊళ్లలో ఉన్నవాళ్లు మక్క చేన్ల పక్క మొరం బాట మీద. ఇంకొందరైతే చీకట్లోనే రాజీవ్ రహదారి అంచున పరుగెత్తుతున్నారు. లారీలు తిరిగే ఆ రోడ్డు మీద మాత్రం వద్దు, దయచేసి మానేయండి.

మీ పరుగులో ఒక సంగతి గమనించారా? ఎక్కువమంది ఒంటరిగానే పరుగెత్తుతారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోన్, దాంట్లో స్టాప్‌వాచ్. పక్కనుంచి ఒకడు దాటిపోతే లోపల ఒక లెక్క నడుస్తుంది. వీడు తప్పితే నాకొక పోస్టు మిగులుతుంది అని. ఆ లెక్క ఎంతవరకు నిజమో కాసేపట్లో చూద్దాం. దానికంటే ముందు మీరు తెలుసుకోవాల్సిన ఒక పోటీ ఉంది. అందులో గెలుపును ముందొచ్చినవాడొక్కడే తేల్చలేడు. నాలుగో మనిషి గీత దాటేదాకా జట్టు గెలిచిందో ఓడిందో తెలియదు. దాని పేరు క్రాస్ కంట్రీ.

బడిలో ఉన్నప్పుడు పీఈటీ సారు నోట ఈ మాట విని ఉంటారు. ట్రాక్ ఉండదు. గడ్డి, మట్టి, ఎత్తుపల్లాలు, ఒక్కోసారి బురద, వీటి మీదుగా పరుగు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్ బడుల్లో పుట్టింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు కాగితం ముక్కలు చల్లుకుంటూ ముందు పోతే, మిగతావాళ్లు ఆ జాడ పట్టుకుని పొలాల వెంట తరిమేవాళ్లు. మన దేశంలో ఇప్పుడు జాతీయ క్రాస్ కంట్రీ చాంపియన్‌షిప్‌లో అండర్-16 పిల్లలకు 2 కి.మీ., అండర్-18 అబ్బాయిలకు 6, అమ్మాయిలకు 4, అండర్-20 అబ్బాయిలకు 8, అమ్మాయిలకు 6, పెద్దవాళ్లకు 10 కి.మీ. పరుగు ఉంటుంది. దీనికి పెద్ద స్టేడియం అక్కర్లేదు, సింథటిక్ ట్రాక్ అక్కర్లేదు. ఎర్ర చెల్కలు, గుట్టలు, చెరువు కట్టలు ఉన్న సిద్దిపేట జిల్లాలో ఏ ఊరి బయటైనా ఒక మంచి క్రాస్ కంట్రీ దారి దొరుకుతుంది.

అసలు విషయం దాని లెక్కలో ఉంది. అంతర్జాతీయ పోటీల్లో ఒక జట్టుకు ఆరుగురు పరుగెత్తుతారు. వాళ్లలో ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లే విజేత. అమెరికా హైస్కూళ్లలో ఏడుగురు పరుగెత్తుతారు, అయిదుగురిని లెక్కిస్తారు. పోటీని బట్టి అంకెలు మారినా పద్ధతి అదే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక కాలేజీకి ఇద్దరు గట్టివాళ్లు ఉన్నారు. మొదటి, రెండో స్థానాలు వాళ్లవే. మూడోవాడు తొమ్మిదో స్థానంలో వచ్చాడు. నాలుగోవాడికి మధ్యలో ఊపిరందక నడిచి నడిచి ముప్పయ్యో స్థానం వచ్చింది. మొత్తం 42. ఇంకో కాలేజీలో అంత గొప్పవాళ్లు ఎవరూ లేరు. కాని నలుగురూ కలిసి కదిలారు. 6, 8, 10, 12 స్థానాలు. మొత్తం 36. కప్పు వాళ్లది. ఫొటోలో మెడల్ వేసుకున్న ఇద్దరు మొదటి కాలేజీవాళ్లే, కప్పు మాత్రం రెండో కాలేజీ బస్సులో పోయింది.

మరి అయిదో, ఆరో మనిషి ఎందుకు? వాళ్ల స్థానం లెక్కలోకి రాదు కదా అంటారు. వస్తుంది, ఇంకోరకంగా. మీ అయిదోవాడు ఎదుటి జట్టు నాలుగోవాణ్ని దాటేస్తే వాడి స్థానం ఒకటి వెనక్కి పోతుంది. వాళ్ల మొత్తంలో ఒకటి పెరుగుతుంది. ఒక్క అంకె తేడాతో తేలే పోటీలో ఆ పేరు తెలియని అయిదోవాడే గెలిపించినవాడు అవుతాడు. నిజం చెప్పాలంటే, ఆటల్లో ఇంత న్యాయమైన లెక్క నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఈ లెక్క ఎంత కఠినమైనదో 1924 పారిస్ ఒలింపిక్స్ చూపించింది. అప్పట్లో ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ ఉండేది, జట్టుకు ముగ్గురిని లెక్కించేవారు. జులై 12న పోటీ. ఎండ నలభై డిగ్రీలు దాటింది. దారి పక్కనే ఒక విద్యుత్ కేంద్రం, దాని పొగ. 38 మంది మొదలుపెడితే చివరిదాకా వచ్చింది 15 మందే. మిగతావాళ్లు దారిలో పడిపోయారు, దారి తప్పారు, ఆగిపోయారు. ఫిన్లాండ్ వీరుడు పావో నూర్మి మాత్రం ఏమీ జరగనట్టు వచ్చి మొదటి స్థానం కొట్టాడు. రెండోవాడు విల్లే రిటోలా, అతనూ ఫిన్లాండే, నూర్మి తర్వాత దాదాపు నిమిషంన్నరకు వచ్చాడు. ఇద్దరికీ బంగారం, వెండి ఖాయం. కాని జట్టు బంగారానికి మూడో మనిషి కావాలి.

ఆ మూడో మనిషి హెయిక్కి లీమటైనెన్. స్టేడియంలోకైతే వచ్చాడు కాని ఎండకు స్పృహ సరిగా లేదు. గీతకు కొద్ది దూరంలోనే, పందెం అయిపోయిందనుకుని ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు. జనం అరిచారు. ఎట్లాగో మళ్లీ మళ్లుకుని, తూలుతూ నడిచి గీత దాటాడు. పన్నెండో స్థానం. ఆ పన్నెండో స్థానంతో ఫిన్లాండ్‌కు జట్టు బంగారం వచ్చింది. ముగ్గురినీ చివరిదాకా తేగలిగిన జట్లు ఆ రోజు మూడే. ఫిన్లాండ్, అమెరికా, ఫ్రాన్స్. నూర్మి ఎంత ముందొచ్చినా, ఆ తూలుతున్న మనిషి గీత దాటకపోతే జట్టు పేరే లెక్కలో ఉండేది కాదు. ఆ ఘోరం చూశాక ఒలింపిక్స్ నుంచి క్రాస్ కంట్రీని తీసేశారు.

తర్వాత 1973లో బెల్జియంలోని వారేగెమ్‌తో మొదలైన ప్రపంచ చాంపియన్‌షిప్‌ల మాటకొస్తే కెన్యాను తలచుకోవాల్సిందే. 1986 నుంచి 2003 దాకా, వరుసగా 18 ఏళ్లు, పురుషుల సీనియర్ జట్టు టైటిల్ కెన్యాదే. ఆ కాలంలో జాన్ ఎన్‌గుగి అయిదుసార్లు, పాల్ తెర్గాత్ వరుసగా అయిదుసార్లు వ్యక్తిగతంగానూ గెలిచారు. ఎత్తైన ప్రదేశం, చిన్నప్పటి నుంచి నడక, ఇవన్నీ కారణాలే. కాని వాళ్ల ఇటెన్ పట్టణంలో పరుగు చూసినవాళ్లు ముందుగా చెప్పేది గుంపు గురించి. పొద్దున్నే మట్టి రోడ్డు మీద వందమంది, రెండువందల మంది కలిసి పరుగెత్తుతారు. అందులో ఒలింపిక్ మెడల్ వచ్చినవాడూ ఉంటాడు, నిన్న ఊరి నుంచి వచ్చిన కొత్త పిల్లగాడూ ఉంటాడు. వాళ్లంతా ఒకరికొకరు పోటీ కాదా? ముమ్మాటికీ పోటీయే. కెన్యా జట్టులో చోటు దొరకడం కొన్నిసార్లు ప్రపంచ పోటీ గెలవడం కంటే కష్టం. అయినా సాధన మాత్రం కలిసే చేస్తారు.

ఇక మీ పరుగు దగ్గరికి వద్దాం. 2018 పోలీస్ నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 800 మీటర్లు ఉండేది. 2022 నోటిఫికేషన్‌లో దాన్ని 1600 మీటర్లు చేశారు. 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. ఆడవాళ్లకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. పరుగు దాటితేనే మిగతా కొలతలు, లాంగ్ జంప్, షాట్‌పుట్. ఆ విడతలో 2022 డిసెంబర్‌లో మొదలైన దేహదారుఢ్య పరీక్షలకు రాష్ట్రమంతటా రెండు లక్షల మందికి పైగా హాజరైతే, గట్టెక్కినవాళ్లు సగం కంటే కాస్త ఎక్కువమందే. ప్రిలిమ్స్ పాసై, నెలల తరబడి పుస్తకాలు తిరగేసినవాళ్లలో అంతమంది గ్రౌండ్‌లో ఆగిపోయారు. కేంద్ర బలగాల ఎస్‌ఎస్‌సీ జీడీకి మగవాళ్లు 24 నిమిషాల్లో 5 కి.మీ., ఆడవాళ్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో 1.6 కి.మీ. పరుగెత్తాలి. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ అంకెలు మారొచ్చు, అప్పుడు మళ్లీ చూసుకోండి.

7 నిమిషాల 15 సెకన్లు అంటే 435 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్‌పై నాలుగు రౌండ్లు, రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు కాస్త పైన. రోజూ సాధన చేసే కుర్రాడికి ఇది అందని వేగమేమీ కాదు. మరి ఎందుకు తప్పుతారు? ఎక్కువగా మొదటి రౌండులో. విజిల్ మోగగానే అందరూ ఒక్కసారి దూకుతారు, మీరూ వాళ్లతో పోతారు. మొదటి రౌండు 1:20. ఆహా అనిపిస్తుంది. రెండోది 1:45. మూడో రౌండుకు కాళ్లు బరువెక్కి 2:05. నాలుగోది ఈడ్చుకుంటూ 2:10. మొత్తం 7:20. అయిదు సెకన్లతో ఏడాది పోయింది. అదే మనిషి 1:45, 1:48, 1:48, 1:45గా పరుగెత్తితే 7:06. తొమ్మిది సెకన్లు చేతిలో ఉంటాయి. ఒంట్లో సత్తువ రెండుసార్లూ అంతే, పంచుకున్న తీరు వేరు.

ఈ పంచుకోవడం ఒంటరిగా నేర్చుకోవడం కష్టం. ఫోన్ మీకు రౌండు అయిపోయాక టైం చెబుతుంది. పక్కన పరుగెత్తే అన్న రౌండు మధ్యలోనే చెబుతాడు. "తమ్మీ, జర ఆగు, ఇప్పుడే ఉరకకు" అని. అందుకే ఆరుగురు కలవండి. క్రాస్ కంట్రీ జట్టు లెక్కే. ఒకే ఊరివాళ్లో, ఒకే హాస్టల్‌వాళ్లో, ఒకే కోచింగ్ సెంటర్‌వాళ్లో. ఆరుగురి వేగం ఒకేలా ఉండక్కర్లేదు, ఉండదు కూడా.

వారంలో ఒక రోజు 400 మీటర్లు ఆరుసార్లు. మధ్యలో రెండు నిమిషాలు నడక. ఒక్కో రౌండుకు ఒక్కొక్కరు ముందుండాలి. టైం 1:42 నుంచి 1:45 మధ్య. ముందున్నవాడు అంతకంటే వేగంగా పోతే తప్పు అతనిదే, వెనకవాళ్లు తిట్టొచ్చు. ఆరుగురు, ఆరు రౌండ్లు, అందరికీ వంతు వస్తుంది. అందరికంటే నిదానంగా పరుగెత్తేవాణ్ని వెనక వదిలేయకండి, మధ్యలో పెట్టండి. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఉంటే వాడి కాళ్లు వాడికి తెలియకుండానే కదులుతాయి. ఎదురుగాలి ఉన్న రోజు ముందున్నవాడి చాటున పరుగెత్తితే ఎంత తేలికో చెరువు కట్ట మీద పరుగెత్తినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆదివారం పొడుగు పరుగు. ఊరి బాటలో, రంగనాయక సాగర్ వైపు చంద్లాపూర్ దగ్గరి మట్టి దారుల్లో, లేదా మీ ఊరి చెరువు చుట్టూ. ఆరు నుంచి ఎనిమిది కి.మీ. మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగేంత నిదానంగా. మాట రాకుండా ఎగరోస్తున్నారంటే వేగం ఎక్కువైనట్టు. ఇక్కడ కోచ్‌లు వాడే ఒక చిట్కా చెబుతాను. అందరూ ఒకేసారి బయల్దేరి ఎవరి వేగంలో వాళ్లు పోవాలి. సరిగ్గా ఇరవై నిమిషాలకు ఎక్కడున్నవాళ్లు అక్కడే వెనక్కి తిరగాలి. గట్టివాడు అందరికంటే దూరం పోయి ఉంటాడు, నిదానస్తుడు దగ్గర్లోనే తిరుగుతాడు. అందరూ పోయిన వేగంతోనే వస్తే బయల్దేరిన చోటికి దాదాపు ఒకేసారి చేరుకుంటారు. గట్టివాడికి ముందున్నవాళ్లను తరమడం, నిదానస్తుడికి వెనకవాళ్లకు దొరకకుండా రావడం. ఇద్దరికీ సరిపడా పని, ఇద్దరికీ అవమానం లేదు. మిగతా రోజుల్లో ఒక రోజు కట్ట ఎక్కిదిగడం, ఒక రోజు లాంగ్ జంప్, షాట్‌పుట్, కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి. విశ్రాంతి రోజు పరుగెత్తేవాడు కష్టపడుతున్నాననుకుంటాడు, మోకాలు మాత్రం వేరే సంగతి చెబుతుంది.

ఇప్పుడు ఆ లెక్క సంగతి. పక్కవాడు తప్పితే నాకొక పోస్టు మిగులుతుందా?

కానిస్టేబుల్ సివిల్ పోస్టుల్లో అత్యధిక భాగం స్థానికులకే. కాబట్టి మీతో కట్ట మీద పరుగెత్తేవాడు చివరి జాబితాలో మీకు పోటీదారే. దీన్ని తీపి మాటలతో కప్పిపుచ్చలేం. కాని ఆ పరుగు గడప లాంటిది. 7:15 లోపు వచ్చినవాళ్లంతా గడప దాటుతారు. పదిమంది వచ్చినా, పదివేల మంది వచ్చినా అంతే. మీ దోస్తు 7:10కి వచ్చాడని మీ 7:05కు నష్టమేమీ లేదు. కాకపోతే అతను ఫైనల్ పరీక్ష రాస్తాడు, అక్కడ మీకు ఎదురవుతాడు. రాష్ట్రమంతా రాసే ఆ పరీక్షలో ఒక్క మనిషి వల్ల మీకు కలిగే నష్టం ఎంత? అదే మనిషి రోజూ పక్కన పరుగెత్తడం వల్ల మీకు కలిగే లాభం ఎంత? ఆలోచించండి. వాడు లేకపోతే మీరే ఆ గడప దగ్గర ఆగిపోయే అవకాశం చాలా ఎక్కువ. సగం మంది దాకా అక్కడే ఆగిపోయారని ఇందాకే చూశాం.

ఆర్మీ అగ్నివీర్ సంగతి వేరు. అక్కడ 1.6 కి.మీ. పరుగుకు మార్కులుంటాయి. 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే పూర్తి మార్కులు, ఆ తర్వాత తగ్గుతూ పోతాయి. అంటే పరుగులోనే పోటీ ఉంది. అయినా రౌండుకు 82 సెకన్ల వేగం ఒంటరిగా సాధించినవాళ్లు చాలా అరుదు. అక్కడా గుంపే దారి, కాకపోతే ఆ గుంపులో ఒకరిద్దరు మీకంటే గట్టివాళ్లు ఉండాలి.

గుంపు అవసరానికి ఇంకో కారణం ఉంది. అది చెప్పడానికి నోరు రాదు. 2024 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పోస్టులకు పరుగు పరీక్ష పెట్టారు. మగవాళ్లు గంటలో 10 కి.మీ. పరుగెత్తాలి. ఆ పరీక్షల్లో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. అందరూ మీ వయసువాళ్లే. మీలాగే నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లే. వందేళ్ల కింద పారిస్‌లో ఎండ ఏం చేస్తుందో చూసి ఒలింపిక్స్‌వాళ్లు ఏకంగా పోటీనే ఎత్తేశారు. ఉద్యోగ పరీక్షను ఎత్తేయలేం, నిజమే. కాని ఎండలో, ఉక్కలో, సరైన సాధనకు గడువివ్వకుండా పరుగు పెట్టే హక్కు ఏ నియామక సంస్థకూ లేదు. చల్లని నెలల్లో, తెల్లవారుజామున, అంబులెన్సు, డాక్టరు, నీళ్లు పెట్టి, రాత పరీక్షకూ దీనికీ మధ్య కనీసం రెండు మూడు నెలల వ్యవధి ఇచ్చి జరపాలి. మన దగ్గర పోయినసారి చలికాలంలో జరిగింది. ప్రతిసారీ అట్లాగే జరగాలని నోటిఫికేషన్ రాకముందే అడగాలి, వచ్చాక అడిగితే కోర్టు కేసు అవుతుంది.

ప్రభుత్వం చేయాల్సింది అది. మీరు చేయగలిగింది ఇంకొకటి. తల తిరుగుతున్నా ఆగనివాడికి తనకు తల తిరుగుతున్నట్టు తెలియదు. లీమటైనెన్‌కు తాను వెనక్కి తిరిగినట్టు తెలియలేదు. పక్కవాడికి తెలుస్తుంది. చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా, మాట తడబడుతున్నా, అడుగు పక్కకు పడుతున్నా పట్టి ఆపేసేది దోస్తులే. నీడకు తీసుకెళ్లి, ఒంటి మీద నీళ్లు పోసి, 108కు ఫోన్ చేయండి. ఇంకో మాట. పరీక్ష ముందు రోజు ఎవరో ఇచ్చే గోళీలు, ఇంజెక్షన్లు, డబ్బాల కొద్దీ ఎనర్జీ డ్రింకులు, వీటి జోలికి పోవద్దు. గుంపులో ఒకడు అట్లాంటిది తీస్తే మిగతా అయిదుగురు లాక్కుని పారేయాలి. ఛాతీలో నొప్పి, పరుగులో స్పృహ తప్పడం ఇంతకుముందు ఎప్పుడైనా జరిగి ఉంటే, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెపోటుతో పోయి ఉంటే, సాధన మొదలుపెట్టకముందే ఈసీజీ తీయించుకోండి.

అమ్మాయిల విషయంలో గుంపు లేకపోతే అసలు పరుగే లేదు. 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు. లెక్క ప్రకారం ఇది వేగంగా నడిచి, కాస్త ఉరికినా అందే టైం. అయినా తప్పుతున్నారంటే కాళ్లలో బలం లేక కాదు, సాధన చేసే చోటు లేక. పొద్దున అయిదింటికి ఒక్క ఆడపిల్ల ట్రాక్ ప్యాంటు వేసుకుని ఊరి బాటలో ఉరికితే ఎన్ని కళ్లు చూస్తాయో, ఎన్ని మాటలొస్తాయో మీకు తెలుసు. "ఒక్కదానివే ఎట్ల పోతవ్ బిడ్డా" అని అమ్మ అడిగేది అందుకే. అదే నలుగురు అయిదుగురు కలిసి పోతే ఆ ప్రశ్న ఉండదు. ఒక ఇంట్లో ఒప్పుకుంటే రెండో ఇంట్లో అడగడం తేలిక. పక్కింటి అక్క వస్తోందంటే నాన్న కాదనడు. ఈ పేజీ చదివే అబ్బాయిల్లో చెల్లెలో, అక్కో పోలీస్ పరీక్షకు చదువుతున్నవాళ్లు ఉంటే, వాళ్ల జట్టు కలిపే పని మీరు చేయొచ్చు.

ఇక ఈ పరుగుకు ఉద్యోగ దరఖాస్తులో కూడా ఒక విలువ ఉందని మీలో చాలామందికి తెలియదు. సిద్దిపేట డిగ్రీ విద్యార్థులు ఉస్మానియా పరిధిలోకి వస్తారు. యూనివర్సిటీ ప్రతి ఏడాదీ అంతర కళాశాలల క్రాస్ కంట్రీ పోటీ పెడుతుంది, అందులోంచి యూనివర్సిటీ జట్టును ఎంచుతారు. ఆ జట్టు అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీకి పోతుంది. వయసు 17 నుంచి 25 మధ్య ఉండాలి. అక్కడ యూనివర్సిటీ తరఫున పరుగెత్తితే, కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో క్రీడాకారుల కోటాకు దరఖాస్తు చేసుకునే అర్హత ఉంటుంది. కేంద్రంలో ఆ కోటా కింద నేరుగా భర్తీచేసే ఖాళీల్లో 5 శాతం దాకా నింపొచ్చు. తెలంగాణలో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. కేంద్ర నిబంధనల్లో సర్టిఫికెట్లకు వేర్వేరు ఫారాలున్నాయి. దేశం తరఫున ఆడితే ఫారం-1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు ఫారం-2, యూనివర్సిటీ తరఫున అయితే ఫారం-3, బడిలో ఉన్నప్పుడు జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర జట్టుకు ఆడితే ఫారం-4. పోటీ అయిపోయిన వారంలోనే సంబంధిత అధికారి సంతకంతో తీసుకోండి. మూడేళ్ల తర్వాత నోటిఫికేషన్ పడ్డాక ఆ సంతకం కోసం తిరగడం పరుగు కంటే కష్టం.

కోటాలో ఉద్యోగం వచ్చేది కొద్దిమందికే, ఆ ఆశతోనే పరుగు మొదలుపెట్టమని చెప్పడం లేదు. కాలేజీ జట్టులో ఉంటే గ్రౌండ్ వాడుకునే వీలుంటుంది, నేర్పేవాళ్లుంటారు, బస్సు ఖర్చులైనా వస్తాయి. పోలీస్ ఈవెంట్స్‌కు వేలకు వేలు కట్టి శిక్షణ తీసుకుంటున్నవాళ్లు తమ కాలేజీలోనే ఒక ఫిజికల్ డైరెక్టర్ ఉన్నాడని మరచిపోతున్నారు.

కాలేజీలకూ ఒక మాట. క్రాస్ కంట్రీకి ఖర్చు దాదాపు లేదు. అయినా పోటీ తేదీ దగ్గరపడ్డాక, బాగా ఉరికే ఒకరిద్దరిని మాత్రం పంపి చేతులు దులుపుకోవడం అలవాటైంది. ఇద్దరిని పంపితే ఇద్దరి పేర్లు ఫలితాల్లో ఉంటాయి, కాలేజీ పేరు జట్ల పట్టికలో ఉండదు. పైగా మూడోవాడు, నాలుగోవాడు, ఆరోవాడు తమకు ఆట రాదని ఇంటికి పోతారు. వాళ్లే రెండేళ్ల తర్వాత కట్ట మీద ఒంటరిగా, తప్పుడు వేగంతో, మోకాళ్ల నొప్పులతో పరుగెత్తుతుంటారు. ఉన్నత పాఠశాలల్లో పీఈటీలు ఈ పని తొమ్మిదో తరగతిలోనే మొదలుపెడితే, ఇరవై ఏళ్లకు 1600 మీటర్లు ఒక పరీక్షలాగే అనిపించదు.

పోలీస్ ఉద్యోగం వైపు చూడనివాళ్లు, హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీల ఇంటర్వ్యూలకు తయారవుతున్నవాళ్లు కూడా మీలో ఉన్నారు. రెజ్యూమెలో "టీమ్ ప్లేయర్" అని అందరూ రాస్తున్నారు. రాసిన ప్రతివాణ్నీ హెచ్‌ఆర్ ఒకటే అడుగుతారు, ఒక ఉదాహరణ చెప్పండి అని. అక్కడ చాలామంది నీళ్లు నములుతారు. కాలేజీ క్రాస్ కంట్రీ జట్టులో అయిదోవాడిగా పరుగెత్తిన పిల్లగాడికి మాత్రం చెప్పడానికి ఉంటుంది. నా స్థానం లెక్కలో లేదు, అయినా ఎదుటి జట్టు నాలుగోవాణ్ని దాటాను, మాకు ఒక్క పాయింటు కలిసొచ్చింది అని. ఇది ఇంగ్లిష్‌లో చెప్పడానికి పెద్ద గ్రామర్ కూడా అక్కర్లేదు. కాని నిజంగా పరుగెత్తి ఉండాలి, ఎందుకంటే రెండో ప్రశ్న ఎంత టైంలో అనే వస్తుంది.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. మీ ఫిజికల్ డైరెక్టర్ సారును కలిసి ఈ ఏడాది అంతర కళాశాలల క్రాస్ కంట్రీ ఎప్పుడో, జట్టుకు ఎంతమందిని లెక్కిస్తారో, పేర్లు ఇవ్వడానికి చివరి తేదీ ఎప్పుడో అడగండి. అబ్బాయిల జట్టు ఒకటి, అమ్మాయిల జట్టు ఒకటి, కాగితం మీద పేర్లు రాసి ఇవ్వండి. ఆరుగురు దొరకకపోయినా ఆగొద్దు. లెక్కించే సంఖ్యకు సరిపడా మనుషులు గీత దాటితే చాలు, ఆ రోజు పట్టికలో సిద్దిపేట కాలేజీ పేరు పక్కన ఒక అంకె ఉంటుంది.